డ్రైవరు వ్రాయువాని నిగ్రహము

నెట్‌వర్కు కార్డు ప్రాసెసరును శ్రమపెట్టక ప్యాకెట్లను నేరుగా మెమరీలో వ్రాసిపోవు డీఎంఏ పద్ధతి చూపరులకు యంత్రమహిమగా తోచును గాని, దాని వెనుకనున్నది డ్రైవరు వ్రాయువాని నిగ్రహము. లినక్సులో బఫరును మ్యాప్ చేసి పరికరమునకు అప్పగించినది మొదలు అన్‌మ్యాప్ చేయువరకు, తాను కేటాయించిన చోటనే తాను చదువక, వ్రాయక అతడు వేచియుండును. డిస్క్రిప్టరులో చిరునామాను, పొడవును ముందు నింపి, ఆ వ్రాతలు ముందే కనబడునట్లు బారియరు నిలిపి, పిమ్మటనే యాజమాన్యపు బిట్టును మార్చును. ఎంత సొగసైన పంక్తి ఆ బారియరు! అది లోపించిన, కార్డు పాత చిరునామాను నమ్మి ఇతరుల మెమరీని చెరుపవచ్చును. క్యాషెను హార్డువేరే సరిచూచు ఇంటెల్ యంత్రములపై బయటపడని మ్యాపింగు పొరపాటు కొన్ని ఆర్మ్ బోర్డులపై పాత బైట్లుగా పొడసూపును. రెంటను చెల్లు కోడు వ్రాయువారికి నా నమస్కారము.