గింజే చెబుద్ది

శనివారం రాత్రి పడుకోబోయే ముందు పావుకిలో పచ్చ బఠాణీలు కడిగి నానబోస్తాను. ఆదివారం సాయంత్రం టీ వేళకు అవి కారం పట్టి పళ్లెంలోకి వస్తాయి. రైల్లోనో, బీచ్‌లోనో పొట్లం కొనుక్కుని ‘టైమ్‌పాస్ బఠాణీ’ అంటాం గానీ, ఆ పొట్లం వెనక ఒక రాత్రీ ఒక పగలూ ఉన్నాయి.

ఈ పని మీద నాకు ఇష్టం పుట్టింది మా వీధి చివర బట్టీ దగ్గర. అక్కడొక మామ్మ మంగలంలో ఇసుక కాచి శనగలు, బఠాణీలు వేయించేది. రోజూ కాగీ కాగీ ఆ ఇసుక నల్లబడిపోయింది. ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లు గింజల మీద చిలకరించి, ఒకసారి సెగ చూపించి, కుండలో పోసి గుడ్డ కప్పేది. కాసేపాగి మళ్లీ ఇసుకలోకి. ఈ రెండో వేపులో లోపలి తేమ ఆవిరై గింజను గుల్ల చేస్తుంది. మూకుడులో గింజకు అడుగు పక్కే కాలుతుంది. ఇసుకలో నాలుగు పక్కలా సెగ తగులుతుంది. ఎప్పుడు తియ్యాలో ఎలా తెలుస్తుంది మామ్మా అనడిగితే, జల్లెడ పట్టే చెయ్యి ఆపకుండానే, ‘‘గింజే చెబుద్ది అమ్మాయ్, చెవొగ్గి ఇను’’ అంది.

ఇంట్లో నేను నూనెలో వేయిస్తాను. కొన్న బఠాణీల్లో ముందు గుప్పెడు గాజుగ్లాసులో వేసి నీళ్లు పోసి అరగంట చూస్తాను. నీళ్లలోకి పచ్చరంగు దిగితే అవి రంగు వేసిన బఠాణీలు, పారబోయడమే. మంచివైతే ఎనిమిది గంటలు నానాలి. చిటికెడు వంటసోడా చాలు, ఎక్కువైతే పొట్టు ఊడిపోయి సబ్బు వాసన వస్తుంది. తెల్లవారేసరికి గింజలు దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. కొన్ని మాత్రం ఎలా వేసినవి అలాగే ఉంటాయి. పాత సరుకైతే ఇవి మరీ ఎక్కువ. తెల్ల బఠాణీలైతే చాలామటుకు కెనడా, రష్యాల నుంచి ఓడల్లో వస్తాయి, ఏ ఏటి పంటో మనకు తెలియదు. ఆ మొండిగింజల్ని ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమి ఏరాల్సిందే. ఒక్కటి మిగిలినా ఎవరో ఒకరి పన్ను విరుగుతుంది.

అసలు పని ఆ తర్వాతే. రాత్రంతా తాగించిన నీళ్లను ఇప్పుడు తీసెయ్యాలి. పాత పంచె పరిచి, గింజ మీద గింజ పడకుండా ఆరబోస్తాను. మొదట నిగనిగలాడుతుంటాయి. గంటకు మెరుపు పోతుంది. ఇంకో గంటకు పొట్టు మీద సన్నటి ముడతలు, చాలాసేపు నీళ్లలో నానిన వేలికొసల్లా. పిడికెడు తీసి నలిపితే అరచేతికి తడి అంటకూడదు. ఒకసారి చుట్టాలొస్తున్నారని అరగంటకే నూనెలో వేశాను. పొట్టు కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై గింజలు టపటపా పేలాయి. మోచేతి మీద నూనె పడ్డ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. బాగా ఆరినా ఒకటో రెండో పేలుతూనే ఉంటాయి, అందుకని మూకుడు మీద ఇనుప జల్లెడ బోర్లిస్తాను.

వాయికి గుప్పెడు గింజలే, మంట మధ్యస్థంగా. వెయ్యగానే నూనె పొంగినట్టు నురగలు కక్కుతుంది, గింజలు అడుక్కు పోతాయి, ఏమీ వినబడదు, ఒకటే రొద. నాలుగైదు నిమిషాలకు నురగ తగ్గి గింజలు పైకి తేలుతాయి. చాలామంది ఇక్కడే తీసేస్తారు. అప్పుడవి పైన కరకరలాడతాయి, లోపల మెత్తని ముద్ద, చల్లారితే సాగుతాయి. మరో నాలుగు నిమిషాలు ఓపిక పట్టాలి. రొద సన్నబడి ఆగిపోతుంది. చిల్లుల గరిటెతో ఎత్తి కుదిపితే గింజలు గలగలమంటాయి, గాజుగోళీల్లా. మామ్మ వినమన్నది ఇదేనని నాకు అర్థం కావడానికి చాలా ఆదివారాలు పట్టింది.

నూనె వద్దనుకునేవాళ్లు ఇసుక బదులు రాళ్ల ఉప్పు వాడొచ్చు. ఇనుప మూకుడులో కిలో ఉప్పు బాగా కాగనిచ్చి, ఆరిన గింజల్ని అందులో వేసి ఆపకుండా కలపాలి. ఆ సెగకు ఉప్పు కరగదు, పొడిగింజకు పెద్దగా అంటదు. శనగలకు ఈ పద్ధతే మేలు. బఠాణీలు మాత్రం గట్టిబడతాయి, మా అత్తగారి పళ్లకు పనికిరావు.

కారం కలపడానికీ ఒక అదను ఉంది. నూనెలోంచి తీసిన మరుక్షణం వేస్తే కారం మాడి ఘాటెక్కుతుంది, చల్లారాక వేస్తే గిన్నె అడుగున రాలిపోతుంది. ఒక్క నిమిషం ఆగి, గింజ మీద నూనె తడి మెరుస్తుండగానే కలపాలి. ఉప్పును కారంతో కలిపి మెత్తగా నూరుకుంటే ప్రతి గింజకూ అంటుతుంది. పులుపుకు ఆమ్‌చూర్ పొడి. నిమ్మరసం పిండితే ఇంత కష్టపడి తీసిన తడిని మళ్లీ తెచ్చిపెట్టుకున్నట్టే. పొట్టుతో చితక్కొట్టిన వెల్లుల్లి, పెళపెళలాడేలా వేయించి నలిపిన కరివేపాకు మా ఇంటి వాడుక.

పూర్తిగా చల్లారాక వాయికో సీసాలో పోసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపుతాను. ఈ ఆదివారం ముసురు పట్టి గింజలు సరిగా ఆరలేదు, రెండో సీసా మందంగా మోగింది. మళ్లీ మూకుడు పెట్టాను.