అట్టయూడిన గోన గన్నారెడ్డి

బొల్లారము పారిశ్రామికవాడలో రాత్రిపాళీ ముగించి వచ్చిన కార్మికుడు, కన్నులు మూతపడుచున్నను, అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ని విడువజాలక మరి రెండు పుటలు చదువుచున్నాడన్నచో, ఆ పుణ్యమున రచయితతోపాటు, జీర్ణప్రతిని విప్పి, మైనము రాచిన దారముతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి, రాత్రియెల్ల బరువుక్రింద అణచియుంచిన బైండరునకును పాలు కలదు. 13వ శతాబ్దిలో, రుద్రమదేవి యేలుబడిలో, గజదొంగయని లోకము నిందించినను రాణి పక్షముననే నిలిచిన వీరుని కథ చేతులు మాఱినకొలది వన్నెకెక్కును, కాగితమో, నలుగును. ముందుగా ఊడునవి, నేను చూచినంతలో, యుద్ధఘట్టముల పుటలే! చరిత్ర యెంత, కల్పన యెంత యని పండితులు తర్కింతురుగాక. పాఠకునకు కావలసినది తరువాతి పుట. కుట్టు మరీ లోనికి పడెనా, పంక్తి మొదటి యక్షరములు దారమున చిక్కుకొనును. నేర్పరి బైండరు ఆ అంచు నెఱిగి సూది దింపును. మీ యింట అట్టయూడిన నవల యున్నచో తూకమునకు వేయకుడు, అతనికిండు.