బెయిలు ఎప్పుడొస్తుందో తెలియదు

జైల్లో మత్తుకు బానిసైనవాళ్లతో మాట్లాడే పనిలో ఉన్నాను. వాళ్ల తల్లులు ములాఖత్‌కొచ్చినప్పుడల్లా ఆశగా అనే మాటొకటుంది: "లోపలున్నన్నాళ్లూ ముట్టుకోలేదు కదా, ఇంక మానేసినట్టే." ఆ ఆశను తుంచడం నాకిష్టం లేదు. కానీ దొరక్క మానడం వేరు, వద్దనుకుని మానడం వేరు.

మొదటి రోజులు డాక్టరువి. అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడ్డ మనిషి రిమాండుకొస్తే కొద్ది రోజుల్లోనే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. అది మందులతో సర్దుకున్నాక మా పని. జీవన నాణ్యతను కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల పత్రం ఒకటుంది. స్నేహితుల ఆసరా మీకు తృప్తిగా ఉందా అనే ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. "నా దోస్తులంతా నాతో తాగినోళ్లే సార్" అంటారు. అసలు వైద్యం అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. విడుదలైన సాయంత్రం ఎవరింటికి పోతావు? పాత దోస్తు ఫోన్ చేస్తే ఏం చెప్తావు? కూలి డబ్బులు ఎవరి దగ్గర దాస్తావు? గుంపుగా కూర్చుని, ఒకరు దోస్తుగా నటిస్తుంటే ఇంకొకరు కాదనడం నేర్చుకుంటారు. మొదట్లో నవ్వులే. పోనుపోను గొంతులు వణుకుతాయి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999-2003 మధ్య జైళ్ల నుంచి విడుదలైన 30,237 మందిని పరిశోధకులు గమనించారు. తొలి రెండు వారాల్లో, మత్తు మోతాదు మించి చనిపోయే ముప్పు ఆ రాష్ట్రంలోని మిగతా జనం కంటే వాళ్లకు 129 రెట్లు ఎక్కువని తేలింది. హెరాయిన్ లాంటివి నెలల తరబడి ఆగిపోతే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మనిషి మాత్రం పాత మోతాదే ఎక్కించుకుంటాడు. స్కాట్లాండ్ జైళ్లలో 2011 నుంచి, విడుదలయ్యేవారికి నలోక్సోన్ అనే విరుగుడు మందు ఇచ్చి పంపడం మొదలుపెట్టారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఖైదీల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. బెయిలు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. పొద్దున గ్రూపులో కూర్చున్నవాడు సాయంత్రానికి గేటు బయట ఉంటాడు, మందుల చీటీ కూడా లేకుండా. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందులతో వచ్చే మానసిక స్థితులనూ మానసిక అనారోగ్యంగానే లెక్కించింది. రాష్ట్రంలో కనీసం ఒక జైలులోనైనా మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంది. ఆ చికిత్స గేటు దగ్గర తెగిపోకూడదంటే, విడుదల ఏర్పాట్లు లోపలికొచ్చిన రోజే మొదలవ్వాలి. ఇంటికి దగ్గర్లోని డీఅడిక్షన్ కేంద్రం చిరునామా, ఏ వేళైనా ఫోనెత్తే ఒక మనిషి నంబరు, మందుల చీటీ: విడుదలప్పుడు తిరిగిచ్చే బట్టలు, పర్సుతో పాటే ఇవీ అతని చేతికందాలి.