రోజుకు రెండు గీతలు

రోజులో నిర్ణీత వేళల్లో కాసేపు ఆగి, గడిచిన గంటలను దేవుని సన్నిధిలో తిరిగి చూసుకోవడాన్ని కతోలిక సంప్రదాయం ఆత్మశోధన అంటుంది. పాపసంకీర్తనానికి ముందు చేసుకునే శోధన పాతదే. దాన్ని నిత్యసాధనగా మలిచిన పద్ధతుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది యేసు సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలాది (1491–1556). విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల పేరులో ఉన్నది ఆయనే.

1521లో పాంప్లోనా కోటను కాపాడుతుండగా ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచంలో ఉండగా వీరగాథలు అడిగితే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు మాత్రమే. కత్తి పట్టి ఘనకార్యాలు చేసినట్టు ఊహించుకున్నప్పుడు ఆ కాసేపు హాయిగా ఉండి తర్వాత మనసు వెలితి పడేది. పునీతుల బాటలో నడిచినట్టు ఊహించుకున్నప్పుడు సంతోషం తర్వాత కూడా నిలిచేది. ఈ తేడాను గమనించడంతోనే ఆయన సాధన మొదలైంది. ఆపైన మన్రేసా పట్టణంలో రాసుకోవడం మొదలుపెట్టిన విషయాలే పెరిగి ‘ఆధ్యాత్మిక సాధనలు’ గ్రంథమయ్యాయి. 1548లో పోప్ మూడవ పాల్ దాన్ని ఆమోదించారు.

అందులో చెప్పిన ప్రత్యేక శోధన ఒక్క తప్పునే పట్టుకుంటుంది. అది నోటి దురుసు అనుకుందాం. పొద్దున లేవగానే ఈ రోజు దాన్ని కాచుకోవాలని తీర్మానించుకోవాలి. మధ్యాహ్న భోజనం తర్వాత, లేచినప్పటి నుంచి గంట గంటనూ తలుచుకుని, ఎన్నిసార్లు నోరు జారితే అన్ని చుక్కలు మొదటి గీత మీద పెట్టాలి. రాత్రి భోజనమయ్యాక మిగిలిన పూట లెక్క రెండో గీత మీదికి ఎక్కుతుంది. వారానికి సరిపడా గీతలు పుస్తకంలోనే ఉన్నాయి. ఆదివారం గీత పొడవైనది, తర్వాతివి క్రమంగా పొట్టివవుతాయి. తప్పులు తగ్గుతాయన్న ఆశ ఆ బొమ్మలోనే కనిపిస్తుంది. మధ్యాహ్నంతో రాత్రిని, నిన్నటితో నేటిని, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చుకోవాలి. తప్పు జరిగిన క్షణాన గుండె మీద చెయ్యి వేసుకుని పశ్చాత్తాపపడాలన్నది మరో సూచన. నలుగురిలో ఉన్నా ఎవరి కంటా పడకుండా ఆ పని చేయవచ్చని ఆయనే రాశారు.

రెండు శతాబ్దాల తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా 13 సద్గుణాలకు పట్టిక గీసుకుని, తప్పినచోటల్లా నల్లచుక్క పెట్టుకున్నారు. చూపులకు రెండూ ఒకటే. కానీ లొయోలా పద్ధతిని చిట్టా కాకుండా కాపాడేది ప్రార్థన, ముఖ్యంగా ఒక్క తప్పుకు పరిమితం కాక రోజంతటినీ చూసుకునే సాధారణ శోధనలోని వరుస. అందులో మొదటి మెట్టు తప్పుల లెక్క కాదు, పొందిన మేళ్లకు కృతజ్ఞత. తర్వాత పాపాలు తెలుసుకునే వరం అడగాలి. ఆ తర్వాతే ఆలోచనలు, మాటలు, చేతలు ఆ క్రమంలో లెక్కకు వస్తాయి. క్షమాపణ వేడి, దిద్దుకుంటానని తీర్మానించుకుని, పరలోక జపంతో ముగించాలి. మొదటి మెట్టు దాటవేసి లెక్కలోకి దిగితే ఈ సాధన ఆత్మనిందగా మారడం తేలిక.

ఆ ప్రమాదం ఇగ్నేషియస్‌కు అనుభవమే. మన్రేసాలో చెప్పుకున్న పాపాలే మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ, ఆత్మహత్య ఆలోచన వచ్చేంతగా నలిగిపోయారు. అతి శంకలపై ఆయన గ్రంథంలో విడిగా సూచనలున్నాయి. ఆధ్యాత్మిక గురువు తోడు అవసరమనడానికి ఇదో కారణం. 1972లో అమెరికన్ యేసు సభ గురువు జార్జ్ ఆషెన్‌బ్రెన్నర్ రాసిన వ్యాసం తర్వాత మొగ్గు చుక్కల నుంచి గమనింపు వైపు మారింది. ఏ ఘడియ దేవుని వైపు లాగింది, ఏది దూరం చేసింది అన్నదే ఇప్పుడు చాలామంది వేసుకునే ప్రశ్న.

దీనికి సుదీర్ఘ ఏకాంతం అక్కర్లేదు. చదువుల్లో తలమునకలైన యువ సభ్యుల గురించి 1551లో పంపిన లేఖలో ఇగ్నేషియస్ ఆత్మశోధనను ఉంచి, పెద్ద ధ్యానాలకు వ్యవధి ఉండదన్నారు. వాటికి బదులు మాట్లాడటంలో, నడవడంలో, చూడటంలో, తినడంలో, వినడంలో దేవుణ్ణి వెతకడం అలవాటు చేసుకోమన్నారు.