రక్షణము, మోక్షము, నిత్యజీవము: క్రైస్తవాంధ్రమున నొక పదవిచారము

హైదరాబాదునకుఁ దూర్పున విజయవాడ బాటపైనున్న హయత్‌నగరమునకు గోలకొండ రాణియగు హయాత్ బక్షీ బేగము పేరు పెట్టఁబడినది. హయాతనఁగా నరబ్బీభాషలో జీవము. బక్షి యను పారసీకపదమున కొసఁగుట యర్థము. జీవదాత్రి పేరు గల యీ యూరి క్రైస్తవప్రార్థనామందిరములలో నేఁడు వినఁబడు ప్రధానపదములును జీవమును గూర్చినవే: రక్షణ, నిత్యజీవము. పరదేశమునఁ బుట్టిన భావమును మోయుటకుఁ గైకొన్న యీ సంస్కృతపదములు ఆ భారమును దాళినవా, వంగినవా యను ప్రశ్నము శాబ్దికులు విచారింపఁదగినది.

బైబిలును దెలిఁగించు యత్నము పదునెనిమిదవ శతాబ్దిలో షుల్‌జ్ పండితునితో మొదలైనను, అచ్చునకు వచ్చినది తరువాతనే. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు క్రాన్, దెగ్రాంజి యనువారికి ఆనందరాయఁడను బ్రాహ్మణుఁడు తోడ్పడెను. 1812లో మూఁడు సువార్తలును, 1818లోఁ గ్రొత్తనిబంధనయు వెలువడినవి. ముక్తి, మోక్షము, కైవల్యము, అపవర్గము అను పదములు తెలుఁగున సిద్ధముగా నుండఁగా, నేఁటి తెలుఁగు బైబిలున రక్షణశబ్దమే ప్రధానమై నిలిచినది. ఇది యాదృచ్ఛికమైనను గావచ్చును, కాని యుచితము.

ఏలయన, మోక్షశబ్దము విడుపును జెప్పును గాని విడిపించువానిఁ దప్పక యపేక్షింపదు. ముచధాతువునకుఁ గర్మకర్తృప్రయోగము ప్రసిద్ధము. దూడ తనంతఁ దానే విడివడఁగోరుచున్నదను కాశికలోని యుదాహరణము వ్యాకరణము చదివినవారికిఁ గంఠస్థమే. కట్టు తెగినఁ జాలును. తెంచిన చేయి వేఱుగా నుండవలయునను నియమము లేదు. జ్ఞానమువలన నజ్ఞానము నశించుటయే ముక్తి యను నద్వైతమున కిది మిక్కిలి యనుకూలము. రక్షధాతు వట్లు గాదు. త్రాణార్థకధాతుయోగమున భయహేతువునకుఁ బాణిని యపాదానసంజ్ఞ విధించెను. కావున నిచ్చట మువ్వురుందురు: రక్షించు కర్త క్రీస్తు, రక్షితమగు కర్మ నరుఁడు, భయహేతువు పాపము. తన్నుఁ దాను రక్షించుకొనుట లోకమున లేదా యందురేని, తెలుఁగున నట్టి యర్థమునకుఁ గొనుధాతువు చేరక తప్పదు. సువార్తికులు ‘రక్షింపఁబడితివా’ యని యడుగుదురే కాని ‘రక్షించుకొంటివా’ యని యడుగరు. వారి సిద్ధాంతమంతయు నా ‘పడు’ ధాతువునందే యున్నది.

నరుఁడు కేవలము కర్మయేని విశ్వసింపుమను విధి యేల? ఈ యాక్షేపము పాశ్చాత్యులలోనే పెద్ద కలహమునకు మూలమైనది. విశ్వాసమాత్రముననే మనుష్యుఁడు నీతిమంతుఁడగునని లూథరు; కృపతోఁ గూడిన నరుని సహకారమును సత్క్రియలును వలయునని 1547లో ట్రెంటు సభ. తెన్‌కలై వడకలైల మార్జాలకిశోర మర్కటకిశోరన్యాయములు తెలిసిన మనవారి కీ వివాదము క్రొత్త గాదు. శరణాగతి యంగములలో రక్షించునను విశ్వాస మొకటి యని వైష్ణవు లెన్నఁడో చెప్పిరి. వ్యాకరణమున విరోధమే లేదు. నూతఁబడినవాఁడు త్రాటిని బట్టుకొనుటకుఁ గర్తయే, పైకిఁ దీయఁబడుటకుఁ గర్మయే. క్రియలు రెండు.

రూపవిషయమునఁ గొంత చిక్కు గలదు. రక్షణమను నపుంసకము నిర్దుష్టము. ‘ము’ వర్ణకము విడిచిన రక్షణ యను రూపము ప్రార్థన, భావన మొదలగువానివలె స్త్రీలింగమనుకొన్నచో, ణ్యంతము గాని యీ ధాతువునకు యుచ్ప్రత్యయము సులభముగా లభింపదు. రక్ష యనిన నిర్వివాదమే గాని, తెలుఁగువాఁ డా మాట వినఁగానే మెడలోని రక్షరేకును దలఁచును. వాడుక గెలిచినచోటఁ బండితుఁ డూరకుండుటయే మేలు.

మోక్షశబ్దమును గ్రైస్తవులు బొత్తిగా విడువలేదు. రాగతాళములతోఁ బాడు కీర్తనలలో నది తఱచు పరలోకపర్యాయమై కనఁబడును. రోమను కథోలికులు మరియమ్మ పండుగను మోక్షారోపణమందురు. విడుపను భావమును జెప్పు పదము ఎక్కఁదగిన స్థలమునకుఁ బేరైనది. కైలాసవైకుంఠములను మోక్షమని వ్యవహరించు మన జనులే దీనికి దారి చూపిరి గావునఁ దప్పు వారిది మాత్రమే గాదు.

నిత్యజీవపద మన్నిఁటికంటెఁ గఠినము. తార్కికుఁడు దీనిఁ జూచి నవ్వును. పుట్టిన భావపదార్థము నశింపక తప్పదు. మొదలుండి తుద లేనిది ప్రధ్వంసాభావ మొక్కటే. కావుననే దుఃఖధ్వంసమును మోక్షముగాఁ జెప్పిన నైయాయికునికిఁ జిక్కు లేదు. క్రైస్తవుఁడో, విశ్వసించిన దినమున మొదలై యెన్నఁడును దీఱని జీవమును, అనఁగా సాదియు ననంతమునగు భావమును జెప్పును. ఇది నిత్య మెట్లగును? మహాభాష్యకారుఁడు పస్పశాహ్నికమునఁ గూటస్థమే నిత్యమనక, దేనియందుఁ దత్త్వము చెడదో యదియు నిత్యమే యని రెండవ లక్షణ మొసఁగెను. దాత తత్త్వము చెడనంతవఱకు దానము చెడదనువాని కా లక్షణము చాలును. తార్కికుఁ డొప్పుకొనఁడు, కాని పదమున కాధారము దొరకినది.

అమృతత్వమనియుండవచ్చునే యనిన, ఆ పదము మృత్యునిషేధముతో నాఁగును. జీవము విధిరూపము. యోహాను సువార్తలో నది మరణానంతరము మాత్రమే దొరకునది గాక, యిప్పుడే కలిగినదిగాఁ జెప్పఁబడును. నిత్యజీవమును బరలోకవాసముగా మాత్రమే వివరించు ప్రసంగములు మూలముకంటెఁ గుఱచలు. గ్రీకున బ్రదుకుతెరువునకు బియోస్, ప్రాణశక్తికి జోయే యని రెండు పదములు గలవు. నిత్యవిశేషణము తఱచుగాఁ జేరునది రెండవదానికే. తెలుఁగున బ్రదుకు, జీవము అను జంట దాదాపుగా నా భేదమునే చూపును. నిత్యపుబ్రదుకనక నిత్యజీవమనిన యనువాదకుని చెవి మంచిది.