ఇనుప నట్టులోని గణితం: తెనాలి తుక్కు శిల్పంపై ఒక పరిశీలన

కర్మన్‌ఘాట్ వంటి నగర శివార్లలో పాత ఇనుము కొనేవారు దేనికైనా తూకంతోనే వెల కడతారు. నట్టు, గొలుసు, పళ్లచక్రం తక్కెడలో పడితే అన్నీ ఒకటే. వింతేమంటే, ఆ ఇనుము శిల్పమైన తరువాత కూడా మన ప్రశంస తక్కెడను వదలదు. తెనాలి సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర చేసిన తుక్కు శిల్పాల గురించి మనకు ముందుగా చేరేది ఎత్తు, బరువు, సంఖ్య. 2021 నాటి నరేంద్ర మోదీ విగ్రహం 14 అడుగులు. 10 అడుగుల గాంధీ విగ్రహానికి పట్టిన నట్లు సుమారు 75 వేలు.

గాంధీ విగ్రహం విషయంలో 75 వేల కన్నా 6 ముఖ్యమైన సంఖ్య అని నా అభిప్రాయం. నట్టు షడ్భుజి, దాని ఒక్కొక్క కోణం 120 డిగ్రీలు. మూడు నట్ల మూలలు ఒకచోట కలిస్తే 360 డిగ్రీలు నిండి సందు మిగలదు. తేనెపట్టు పొందిక ఇదే. అయితే ఇది చదునైన తలానికే చెల్లుతుంది. మూలకు మూడేసి చొప్పున షడ్భుజులను మాత్రమే పేర్చి గోళాన్ని మూయడం అసాధ్యమని ఆయిలర్ సూత్రం వల్ల తేలుతుంది. ఫుట్‌బాల్ మీద 20 షడ్భుజుల నడుమ 12 పంచభుజులు అందుకే వచ్చాయి. తుక్కుకుప్పలో పంచభుజి నట్టు సాధారణంగా దొరకదు. కనుక బోడితల వద్ద, భుజాల వంపు వద్ద ఆ వరుస ఎక్కడో చెదరక తప్పదు. వెల్డింగు చేసే చేయి అక్కడ సందు వదలాలి, లేదా నట్టును వాలుగా నిలపాలి. శిల్పి నిర్ణయాన్ని వెదకవలసిన చోటు అదే.

పద్యవిద్య ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఉత్పలమాలలో గణాల హద్దులు, పదాల హద్దులు ఒకటి కావు; మాట పాదాంతాన్ని దాటి తరువాతి పాదంలోకి సాగిపోతుంది. పద్యపు నడకకు ఆ పెనుగులాటే ఆధారం. (మహావీరాచార్యుని గణితగ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించినది పద్యాల్లోనే.)

తెనాలి శిల్పంలో పోలికదే పైచేయి. ముఖం గుర్తుపట్టగానే చూపరి దృష్టి నట్టును దాటిపోతుంది. ఇది చిన్న లోపం కాదు. అమెరికా శిల్పి జార్జ్ హార్ట్ పాత సీడీలను బహుముఖి సౌష్ఠవంతో కూర్చినప్పుడు పోల్చడానికి ముఖమేదీ ఉండదు. వస్తువు ఆకారమే శిల్పవిషయం. కానీ అక్కడ చిక్కు కూర్పుకు ముందే లెక్కలో తీరిపోతుంది. తెనాలిలో అది ఇనుము మీదనే, నట్టు నట్టుకూ తీరాలి.