అమృత అడిగిన ప్రశ్నలు

మణిరత్నం తమిళంలో తీసిన 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్' 2002లో వచ్చింది. ఆ ఏడే తెలుగు మాటలతో 'అమృత' అనే పేరున మన ఊళ్ళలోనూ ఆడింది. ఆరు జాతీయ బహుమతులు తెచ్చుకుంది. మనలో చాలామందికి రెహమాన్ పాటలు జ్ఞాపకమున్నంతగా కథ జ్ఞాపకం లేదు. ఇన్నేళ్ళకి దాన్ని మళ్ళీ చూసి నాలుగు మాటలు రాయడానికి కారణం ఉంది. ఇక్కడ ఐకాడ్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ ముసఫాలోనూ, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోనూ కాపురాలుంటున్న మనవాళ్ళలో దత్తత పిల్లలున్న ఇళ్ళు లేకపోలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న మాట ఆడవాళ్ళ మధ్య మెల్లగానూ, మగవాళ్ళ మధ్య అసలు రాకుండానూ నడుస్తోంది. ఆ మాట పైకి అనడానికి ఈ సినిమా ఒక సాకు అవుతుందనుకున్నాం. చూశాక, సాకు కంటే పెద్దదే అనిపించింది.

కథ అందరికీ తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాం. శ్రీలంకలో ఒక పల్లెటూరి పిల్ల శ్యామ. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు పోరాటంలో కలిసి అడవిపాలవుతాడు. నిండు చూలాలు పడవెక్కి రామేశ్వరం చేరి, కాందిశీకుల శిబిరంలో ఆడపిల్లని కని, మొగుడి కబురు విని బిడ్డని వదిలి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ బిడ్డని మద్రాసులో ఒక రచయిత పెంచుకుంటాడు. తొమ్మిదో పుట్టినరోజునాడు, నువ్వు మా కడుపున పుట్టలేదమ్మా అని చెబుతారు. ఆ పిల్ల కన్నతల్లిని చూస్తానంటుంది. యుద్ధం నడుస్తూండగా తల్లిదండ్రులు ఆమెని లంకకి తీసుకెళతారు.

కథనంలో గమనించవలసిన విశేషం ఒకటుంది. శ్యామ పెళ్ళీ, పడవ ప్రయాణం మనకి మొదటే చూపించేస్తాడు దర్శకుడు. అంటే అమృతకి తెలియని సంగతి హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. ఆ పిల్ల అల్లరి చేస్తూంటే మనం నవ్వుతూనే కాస్త జాలిగా చూస్తాం. ఇది అచ్చంగా మన బంధువుల చూపు. పెళ్ళిళ్ళలో దత్తత బిడ్డని పెద్దత్తలూ పిన్నమ్మలూ చూసే చూపది. అందరికీ తెలిసి ఆ పిల్లకొక్కతెకే తెలియకపోవడంలో ఎంత అన్యాయం ఉందో ప్రేక్షకుణ్ణి కూడా అందులో భాగస్తుణ్ణి చేసి చూపించాడు.

తండ్రి పాత్ర మీద మాకొక అభ్యంతరం ఉంది. మాధవన్ వేసిన ఈ పెద్దమనిషి మనలాగే ఇంజనీరు, పైగా భార్య ఇందిర పేరు పెట్టుకుని కథలు రాస్తాడు. శిబిరంలో పసిబిడ్డని చూడగానే ఆయన మొదట చేసిన పని కథ రాయడం. పెంచుకోవాలన్న ఊహ ఆ తర్వాతది. బిడ్డకంటే ముందు ఇంట్లోకి కథ వచ్చిందన్నమాట. తర్వాత కూడా ఆ పిల్ల అల్లరి ఆయనకి కథావస్తువే. తనకి తెలియకుండా తన పుట్టుక అచ్చయి ఊరంతా చదివిందని తెలిస్తే ఆ పిల్లకి ఎలా ఉంటుంది? దర్శకుడు ఈ ప్రశ్న దాకా వచ్చి పక్కకి తప్పుకున్నాడు. తండ్రి మంచివాడు గనక అడగక్కర్లేదనుకున్నాడేమో.

తల్లి వేషం వేసిన సిమ్రాన్ విషయంలో మాత్రం ఎక్కడా తప్పుకోలేదు. ఇద్దరు మగపిల్లల్ని కన్నా, మొదట అమ్మా అనిపించుకున్నది ఈ పిల్ల చేతనే. ఆ పిల్ల ఇప్పుడు ముఖం చాటేస్తోంది, మాటకి మాట అంటోంది. ఇందిరకి కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, అయినా ప్రయాణానికి సర్దుతుంది. తన కూతురి కన్నతల్లిని వెతకడానికి తానే బయల్దేరే తల్లిని మన తెలుగు తెర అంతగా ఎరగదు. మన తెర ఎరిగినది 'మాతృదేవోభవ'. 1993లో వచ్చిన ఆ సినిమాలో మాధవి, తను బతకనని తెలిసి, పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి అప్పగిస్తుంది. దాన్ని చూసి ఏడవని వాళ్ళు లేరు, మేమూ ఏడ్చాం. అయితే ఆ కన్నీళ్ళన్నీ ఇచ్చే తల్లి కోసం. ఆ పిల్లలు పదిహేనేళ్ళ వాళ్ళయ్యాక, నన్నే ఎందుకిచ్చావు, తమ్ముణ్ణెందుకు ఉంచుకున్నావు అని అడిగే రోజు ఆ కథలో లేదు. 'అమృత' గొప్పతనమల్లా ఏడుపుని అడిగేవాళ్ళ వైపు తిప్పడంలో ఉంది. అమృత ప్రశ్నల పట్టీ రాసుకుని మరీ వెళుతుంది. తల్లి ఎదురుపడ్డాక ఒక్కొక్కటే అడుగుతుంది. శ్యామ దగ్గర జవాబుల్లేవు. నందితా దాస్ ముఖంలో ఆ లేకపోవడం చూసి తీరవలసిందే.

లోపం కూడా అక్కడే ఉందని మా అభిప్రాయం. శ్యామ బిడ్డని వదలడానికి కారణం యుద్ధం. తుపాకులూ, అడవీ, జాతి విముక్తీ. అంత పెద్ద కారణం ముందు తొమ్మిదేళ్ళ పిల్ల ప్రశ్న చిన్నబోతుంది. చూసేవాళ్ళకి కూడా తల్లిని క్షమించడం సులువైపోతుంది. మన పక్క కారణాలు ఇంత ఎత్తున ఉండవు. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాదులో దత్తత కేంద్రాల గుట్టు రట్టయినప్పుడు పత్రికల్లో చదివిన సంగతులు మన తరంవాళ్ళకి జ్ఞాపకమే. లంబాడీ తండాల్లో వరసగా మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుడితే దళారీలు వచ్చి కొద్ది డబ్బు చేతిలో పెట్టి పట్టుకెళ్ళేవారు. కాగితాల మీద తల్లి ఇష్టపూర్వకంగా అప్పగించినట్టు ఉండేది. విదేశీ కుటుంబాలు మాత్రం మంచి మనసుతోనే పెంచుకున్నాయి. అలా వెళ్ళిన పిల్ల ఇవాళ తిరిగొచ్చి తండాలో ఆ ముసలితల్లిని 'ఎందుకమ్మా' అని అడిగితే వచ్చే జవాబులో వీరత్వం ఏమీ ఉండదు. కరువు, కట్నం, నువ్వు ఆడపిల్లవి. ఈ జవాబుని తట్టుకునే కథ రాయడం మణిరత్నం తీసినదానికంటే కష్టం. మన రచయితలు దాన్ని రాయాలి.

మన పాత దత్తతలో ఇంత గుట్టు లేదు. హోమం చేసి, బంధువుల్ని పిలిచి, పదిమంది ఎదుట బిడ్డ చేయి అందుకునేవారు. కన్నవాళ్ళు తరచు పక్క వీధిలోనే ఉండేవారు. అయితే ఆ దత్తత కొడుకు కోసం, పిండం పెట్టేవాడి కోసం. ఆడపిల్లకి చట్టంలో చోటిచ్చింది 1956 నాటి హిందూ దత్తత చట్టం. గుట్టు మాత్రం చదువుకుని ఉద్యోగాలు చేసే మన వర్గం కనిపెట్టుకున్నదే. పిల్లలు అడిగితే యశోదా కృష్ణుల కథ చెప్పి చేతులు దులుపుకుంటాం. అంతకంటే పనికొచ్చే కథ రామాయణంలో ఉంది. అయోధ్యాకాండ చివర అనసూయ స్వయంవరం సంగతి చెప్పమంటే, సీత తన కథని నాగటిచాలు దగ్గరనించి మొదలుపెడుతుంది. ఎవరో చెబితే తెలుసుకుని కుమిలిపోయినట్టు చెప్పదు, ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్న కథలా చెబుతుంది. జనకుడు దాచలేదన్నమాట. గోత్రం మాటంటారా, మన ఆడపిల్లకి పెళ్ళితో గోత్రం మారితే మేళాలు పెట్టి చేస్తాం. దత్తతతో మారితే గుసగుసలెందుకో మాకు బోధపడదు.

అమృతకి తొమ్మిదేళ్ళు. పదిహేనేళ్ళ పిల్ల, అందునా ఈ దేశంలో పెరిగిన పిల్ల, పట్టీ రాసుకోదు. పుట్టిపెరిగిన ఊరు తనది కాదని ఆమెకి ఇదివరకే తెలుసు. వీసా తండ్రి పేరు మీద, పాస్‌పోర్టు ఎప్పుడో సెలవులకి వెళ్ళొచ్చే దేశానిది. మీ ఊరేదంటే అమ్మమ్మ ఊరి పేరు చెప్పడం నేర్చుకుంది. ఆ ఒక్క ఆధారం కూడా కదిలితే? పైగా గల్ఫులో మన జీవితమంతా కాగితాలే. ప్రతి ఇంట్లోనూ బీరువాలో ముద్రలు పడ్డ పత్రాల ఫైలొకటి ఉంటుంది. పరీక్ష ఫీజుకో కాలేజీ దరఖాస్తుకో పిల్లే ఆ ఫైలు తీసే వయసు వస్తుంది. జనన ధ్రువపత్రం మీద పెంచినవాళ్ళ పేర్లే ఉండవచ్చు. దాని వెనకాల కోర్టు ఉత్తర్వో, రిజిస్టరైన దత్తత పత్రమో ఉంటే? సినిమాలో తండ్రి పక్కన కూర్చుని చెప్పినది ఇక్కడ క్లిప్పు పెట్టిన కాగితం చెబుతుంది. మాధవన్ పాత్ర మీద మేము ఎన్ని అభ్యంతరాలు చెప్పినా, ఆ కబురు తన నోటితో చెప్పినందుకు ఆయనకి నమస్కారం పెట్టాలి.

పిల్లలతో కలిసి ఈ సినిమా చూసేవారు చివరి ఘట్టం దగ్గర తొందరపడి ఏమీ వివరించవద్దని మనవి. మా ఇళ్ళలో కూడా శ్యామ తిరిగి వెళ్ళిపోగానే, చూశావా, పెంచిన అమ్మే అసలమ్మ అని ఒక పెద్దాయన అనేశారు. సినిమా ఆ మాట అనదు. అమృత ఇందిరని ముద్దుపెట్టుకుంటుంది, నిజమే. ఆ పట్టీలోని ప్రశ్నలు మాత్రం అలాగే మిగిలిపోయాయి. రెండూ ఒక పిల్లలో ఏకకాలంలో ఉండగలవు.

ఆ ప్రశ్నలకి ఇప్పుడు చట్టంలో కొంత దారి ఉంది. 2022 నాటి భారత దత్తత నిబంధనల్లో మూలాల అన్వేషణ అనే నిబంధన చేర్చారు. కన్నవాళ్ళు తమ పేరు చెప్పవద్దంటే చెప్పరు. దొరక్కపోయినా, ఒప్పుకోకపోయినా, ఏ కారణం చేత, ఏ పరిస్థితుల్లో అప్పగించారో ఆ సంగతి మాత్రం పెంపుడు బిడ్డకి తెలపాలి. మూడో మనిషిని పెట్టి వెతికించడం కుదరదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు. నిండని పిల్లయితే, పెంచిన తల్లిదండ్రులు కూడా ఆమెతో కలిసి అడగాలి.